కొండ మీది జట్టు యజమానులకు నాలుగు మంచి మాటలు

డిక్ మాన్‌ఫర్ట్ గారికి,

మిమ్మల్ని తిట్టేవాళ్లకు కొదవ లేదు. 2025లో మీ కొలరాడో రాకీస్ 162 ఆటలు ఆడి 119 ఓడిపోయింది. ఆ ఏడాది వీళ్లు కొట్టిన పరుగులకూ, అవతలి జట్లకు ఇచ్చిన పరుగులకూ తేడా 424. 1900 తర్వాత అమెరికా బేస్‌బాల్‌లో ఏ జట్టూ అంత వెనకబడలేదు. ఇన్ని అంకెల మీద నేనొక తిట్టు పెడితే దానికి విలువేముంది? అందుకే పొగడటానికి కూర్చున్నాను. మీ ఊళ్లో ఉంటూ, మీ స్టేడియానికి పిల్లను తీసుకుని వచ్చిపోయే తెలుగువాణ్ని. మా భాషలో నిందాస్తుతి అని ఒక దారి ఉంది. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకమంతా దేవుణ్ని నిందిస్తూనే కొలిచాడు. నాది ఆ దారికి ఎదురు నడక. ఇందులోని ప్రతి పొగడ్తా నేను నమ్మి అంటున్నదే. అన్నీ చదివాక అవి మీ మీద అభియోగంలా కనబడితే, మీ మంచి గుణాలనే మళ్లీ ఒకసారి చూసుకోమని ప్రార్థన.

ముందు ఆ రెండు రోజుల సంగతి. 2025 మే 10, శనివారం. శాన్ డియాగో పాడ్రెస్ మీ సొంత మైదానంలో 21 పరుగులు చేసింది. మీవాళ్లు సున్నా. అవతలి పిచర్ స్టీఫెన్ కోలెక్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఒక్కడే వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. గాలి పలచనై బంతి ఇట్టే ఎగిరిపోయే కూర్స్ ఫీల్డ్‌లో అది చాలా అరుదు. మర్నాడు ఆదివారం. వరస ఓటముల తర్వాత మీ జట్టు 9-3తో గెలిచింది. గెలిచిన ఆ రోజే మేనేజర్ బడ్ బ్లాక్‌ను తీసేశారు. ఆయన పక్కన ఉండే బెంచ్ కోచ్ మైక్ రెడ్మండ్‌నూ పంపేశారు. అప్పటికి 40 ఆటల్లో 7 గెలుపులు, 33 ఓటములు.

తీసేయాలా వద్దా అని ఊరంతా ఏడాదిగా వాదించుకుంటూనే ఉంది. ఆ వాదనలో నాది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: మేనేజర్ చేతిలో అసలు ఏముంది?

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకు ఇది కొంచెం విడమర్చి చెప్పాలి. మన దగ్గర మైదానంలో కెప్టెన్‌దే మాట. కోచ్ బయట కూర్చుంటాడు. బేస్‌బాల్‌లో ఆ రెండు పనులూ మేనేజర్‌వే. అరవై ఏళ్లు పైబడినా ఆటగాళ్లలాగే జట్టు చొక్కా, టోపీ వేసుకుని, వీపు మీద నంబరుతో గొయ్యిలాంటి డగౌట్‌లో నిలబడతాడు. ఎవరు ఏ వరసలో బ్యాటింగ్ చేయాలో, పిచర్‌ను ఎప్పుడు మార్చాలో ఆయనే చెబుతాడు. ఒకసారి తీసేసిన ఆటగాడు ఆ ఆటలోకి మళ్లీ రాడు. కాబట్టి ప్రతి మార్పూ వెనక్కి తీసుకోలేని నిర్ణయమే. ఆట మొదలయ్యే ముందు ఒక అట్ట మీద పేర్లు రాసి అంపైర్ చేతికిస్తాడు. ఆ అట్ట మీది పేర్ల వరకే ఆయన అధికారం. ఆ అట్ట మీదికి ఎక్కడానికి అర్హులైన 26 మందిని ఎంచేది జనరల్ మేనేజర్. వాళ్లకు డబ్బు ఇచ్చేది మీరు. బడ్ బ్లాక్ పేర్ల వరస మార్చగలడు. పేర్లు మార్చలేడు.

ఒకనాటి సాయంత్రం పై అంతస్తులో ఊదారంగు కుర్చీల వరసలో కూర్చున్నాం. సముద్రమట్టానికి సరిగ్గా ఒక మైలు ఎత్తు, అంటే 5280 అడుగులు, ఎక్కడ వస్తుందో చూపడానికి ఇరవయ్యో వరస మొత్తం ఊదారంగు వేశారు. మా అమ్మాయికి ఎప్పుడూ అక్కడే కూర్చోవాలి. కింద మీ పిచర్, కుర్రాడు, వరసగా హిట్లు ఇస్తున్నాడు. డగౌట్ మెట్లెక్కి బ్లాక్ బయటికి వచ్చాడు. పరుగెత్తలేదు, చిరాకు పడలేదు. మధ్యలోని మట్టిదిబ్బ దాకా నడిచి వెళ్లి చెయ్యి చాపాడు. కుర్రాడు తల దించుకుని బంతిని ఆ చేతిలో పెట్టాడు. బ్లాక్ ఏదో ఒక మాట అన్నాడు, వీపు తట్టాడు, వాడు నడిచి వెళ్లేదాకా అక్కడే నిలబడ్డాడు. "తిట్టాడా నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. లేదన్నాను. అంత దూరం నుంచి మాట వినపడదు గానీ తిట్టు ఎలా ఉంటుందో చూస్తే తెలుస్తుంది.

ఆ చెయ్యి చాపడం వెనక పదిహేనేళ్ల అనుభవం ఉంది. బడ్ బ్లాక్ స్వయంగా ఎడమచేతి పిచర్. 15 సీజన్లు ఆడి 121 ఆటలు గెలిచాడు. 1985లో కాన్సస్ సిటీ రాయల్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. బంతిని చేతిలోంచి తీసుకుంటే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. 2010లో పాడ్రెస్ మేనేజర్‌గా నేషనల్ లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ మేనేజర్ అవార్డు అందుకున్నాడు. మీ దగ్గరకు వచ్చిన మొదటి రెండేళ్లూ, 2017, 2018ల్లో, జట్టును ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లాడు. మీ క్లబ్ చరిత్రలో వరసగా రెండేళ్లు అలా వెళ్లడం అదే మొదలు. 2018లో 91 గెలుపులు. షికాగో వెళ్లి కబ్స్‌ను 13 ఇన్నింగ్స్‌ల దాకా లాగి 2-1తో ఓడించిన ఆ రాత్రి ఈ ఊళ్లో చాలామంది నిద్రపోలేదు. మీ జట్టుకు అందరికన్నా ఎక్కువ గెలుపులు, 544, తెచ్చిన మేనేజర్ ఆయనే. 690 ఓటములూ ఆయన పేరు మీదే ఉన్నాయి.

ఇప్పుడు మీ మంచి గుణాల దగ్గరకు వస్తాను.

మీరు మనిషిని పట్టుకుంటే వదలరు. ఈ ఆటలో ఇది చాలా అరుదైన గుణం. 1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ మొదటి ఆరు ఆటలు ఓడగానే మేనేజర్ కాల్ రిప్కెన్ సీనియర్‌ను తీసేసింది. ఆరంటే ఆరే ఆటలు. జీవితమంతా ఆ సంస్థకే ధారపోసిన మనిషి ఆయన. ఇద్దరు కొడుకులు అదే జట్టులో ఆడుతున్నారు. తండ్రిని పంపేశాక కొడుకులు అదే చొక్కా వేసుకుని మళ్లీ మైదానంలోకి దిగాల్సి వచ్చింది. తర్వాత ఏం జరిగింది? కొత్త మేనేజర్ ఫ్రాంక్ రాబిన్సన్ కింద ఇంకో 15 ఆటలు వరసగా ఓడారు. మొత్తం 21. మీరు అలాంటివారు కాదు. 2019 నుంచి 2024 దాకా ఆరేళ్లు జట్టు ఏ ఏడూ గెలుపులు ఓటముల కన్నా ఎక్కువ తేలేకపోయినా బ్లాక్‌ను ఉంచారు. 2023లో 103, 2024లో 101 ఓడినా 2025కి కూడా ఆయనతోనే ఒప్పందం చేసుకున్నారు. ఇంత ఓపిక నాకు నా పిల్ల మీద కూడా లేదు.

ఆ ఓపికకు దణ్ణం పెడుతూనే ఒక మాట అడుగుతాను. ఆరేళ్లు అంత స్థిరంగా ఉన్న నమ్మకం 40 ఆటల్లో ఎటు పోయింది? బ్లాక్ మారాడా? మనిషి అదే మనిషి. జట్టు అదే జట్టు, ఇంకొంచెం బక్కచిక్కింది. మారిందల్లా 21-0 అనే అంకె దేశమంతటా టీవీల్లో కనబడటం. అత్త మీద కోపం దుత్త మీద చూపించారు.

మీరు పిసినారులు కాదు. ఇది చెప్పకపోతే అన్యాయం. బేస్‌బాల్‌లో డబ్బు ఖర్చుపెట్టని యజమానులున్నారు. వాళ్లను తిట్టడం తేలిక. మీరు 2019లో నోలన్ అరెనాడోకు ఎనిమిదేళ్లకు 26 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2022లో క్రిస్ బ్రయంట్‌కు ఏడేళ్లకు 18 కోట్ల 20 లక్షలు. తర్వాతి కథ కూడా మీ పుస్తకాల్లోనే ఉంది. అరెనాడోను రెండేళ్లకే సెయింట్ లూయీ కార్డినల్స్‌కు ఇచ్చేశారు. ఇచ్చేస్తూ పైన దాదాపు 5 కోట్ల డాలర్లు ఎదురు కట్టారు. అరెనాడో మూడో బేస్ దగ్గర బంతి ఆపితే చూడటానికే టికెట్ కొనుక్కున్నవాళ్లం. ఇంట్లో ఉన్న బంగారాన్ని ఇచ్చేసి, మోసుకెళ్లడానికి కూలి కూడా మనమే ఇచ్చినట్టయింది. బ్రయంట్‌ను నడుము నొప్పి కదలనివ్వలేదు. అందులో ఆయన తప్పు లేదు. నాలుగు సీజన్లలో 648 ఆటలకు 170 ఆడాడు. ట్రెవర్ స్టోరీని 2021 జూలైలో వేరే జట్టుకిచ్చి కుర్రాళ్లను తెచ్చుకునే వీలుండగా ఉంచుకున్నారు. సీజన్ అయ్యాక అతను తన దారిన వెళ్లిపోతే కొత్త కుర్రాణ్ని ఎంచుకునే ఒక అవకాశం (డ్రాఫ్ట్ పిక్) తప్ప మిగిలిందేమీ లేదు. డీజే లమేహ్యూ అంతకు ముందే వెళ్లి న్యూయార్క్ యాంకీస్ తరఫున 2020లో బ్యాటింగ్ టైటిల్ కొట్టాడు.

ఈ నాలుగు నిర్ణయాల్లో ఒక్కటైనా బడ్ బ్లాక్ సంతకంతో జరిగిందా?

మీరు ఇంటి మనుషుల్ని నమ్ముతారు. గ్రీలీలో పశువుల వ్యాపారం చేసి పైకొచ్చిన కుటుంబం మీది. సొంత మనుషులతో, మాట మీద నిలబడి పని నడిపిన ఇల్లు. ఆ అలవాటునే జట్టులోకి తెచ్చారు. జనరల్ మేనేజర్ బిల్ ష్మిట్ 1999 నుంచి మీ దగ్గరే కుర్రాళ్లను వెతికే పని చూసినవాడు. 2021లో ఆ కుర్చీ ఖాళీ అయితే బయటివాళ్లను తేకుండా ఆయనకే ఇచ్చారు. బ్లాక్‌ను తీసేశాక వచ్చిన వారెన్ షేఫర్ మీ సంస్థలోనే పెరిగిన కోచ్. అంతకన్నా ముచ్చటైనది క్లింట్ హర్డిల్ సంగతి. 2007లో మిమ్మల్ని వరల్డ్ సిరీస్‌కు తీసుకెళ్లిన మేనేజర్ ఆయన. 2009లో తీసేశారు. 2021 చివర్లో మళ్లీ పిలిచారు, 2025లో ముందు హిటింగ్ కోచ్‌ను, తర్వాత బెంచ్ కోచ్‌ను చేశారు. పంపిన మనిషిని మర్చిపోకుండా పన్నెండేళ్లకు పిలిచి కుర్చీ వేయడం ఎంతమంది చేస్తారు? మనసులో కక్ష లేనివాళ్లే చేయగలరు.

కానీ కిటికీ తెరవని ఇంట్లో గాలి మారదు. మీది మామూలు ఊరు కాదు. మైలు ఎత్తున గాలి పలచన. బంతి ఎక్కువ దూరం ఎగురుతుంది. తిరగాల్సిన బంతి సరిగ్గా తిరగదు. కింద మైదానాల్లో గొప్ప పిచర్ అనిపించుకున్నవాడు ఇక్కడికి రావడానికి జంకుతాడు. మీ బ్యాటర్లు ఇక్కడ ఒకలా అలవాటు పడి, వారం తర్వాత సముద్రం ఒడ్డు ఊరికి వెళితే అదే బంతి వేరేలా తిరుగుతుంది. ముప్ఫై జట్లలో ఇంకెవరికీ ఇంతటి చిక్కు లేదు. ముప్ఫైమందిలో అందరికన్నా ఎక్కువగా బయటి బుర్రలు, కొత్త లెక్కలు, కొత్త ప్రయోగాలు కావలసింది మీకే. 2002లో ఒకసారి అది చేశారు. బంతులు ఎండి గట్టిపడకుండా తేమ గదిలో దాచడం మొదలుపెట్టారు. పరుగుల వరద తగ్గింది. ఆ గది కట్టినవాళ్లు ప్రశ్నకు జవాబును ఆట జరిగే చోట వెతికారు. ఆ తర్వాత ఇరవై మూడేళ్లకు, అదే గాలిలో, ఆ ప్రశ్నకు జవాబు 67 ఏళ్ల ఒక పెద్దమనిషిని ఇంటికి పంపడం అయింది.

మేనేజర్‌ను మార్చడం ఎప్పుడూ తప్పేనని నేను అనను. మీకే తెలుసు. 2009లో హర్డిల్‌ను 18 గెలుపులు 28 ఓటముల దగ్గర తీసేసి జిమ్ ట్రేసీకి ఇస్తే, మిగిలిన ఆటల్లో 74 గెలిచి 42 ఓడారు. ప్లేఆఫ్స్‌కు వెళ్లారు. 2022లో ఫిలడెల్ఫియా ఫిలీస్ జో జిరార్డీని 22-29 దగ్గర పంపేసి వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. ఆ రెండు చోట్లా కుండలో బియ్యం ఉన్నాయి, పొయ్యి దగ్గర మనిషి మారితే ఉడికాయి. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ 19-31 దగ్గర ఉన్నప్పుడు డేవ్ మార్టినెజ్‌ను తీసేయమని ఊరంతా అరిచింది. తీయలేదు. ఆ అక్టోబరులో వాళ్లే వరల్డ్ సిరీస్ గెలిచారు. అక్కడా బియ్యం ఉన్నాయి. లేనిచోట ఏమవుతుందో 2024లో షికాగో వైట్ సాక్స్ చూపించింది. వరసగా 21 ఓడిన కొద్దిరోజులకు, 28-89 దగ్గర, పెడ్రో గ్రిఫోల్‌ను పంపేశారు. తర్వాత 13 గెలిచి 32 ఓడారు. మొత్తం 121 ఓటములు. 1900 తర్వాత ఒక సీజన్‌లో ఏ జట్టూ అన్ని ఓడలేదు.

మీ లెక్క కూడా దాదాపు అదే. బ్లాక్ వెళ్లాక షేఫర్ కింద 36 గెలిచి 86 ఓడారు. గుడ్డి కన్నా మెల్ల నయం అంటే కాదనను. కానీ అదే లెక్కన ఏడాది మొత్తం ఆడినా 110కి పైగా ఓటములే. షేఫర్ మంచి పనిమంతుడు, కుర్రాళ్లతో ఓపికగా ఉన్నాడు. ఆయనకు కూడా అవే పేర్లు అందాయి.

మీ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు కోనీ మాక్ గుర్తొస్తాడు. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కు 1901 నుంచి 1950 దాకా ఆయనే మేనేజర్. యాభై ఏళ్లు. అందరిలా జట్టు చొక్కా వేసుకోలేదు. సూటు, టై వేసుకుని డగౌట్‌లో కూర్చుని చేతిలోని స్కోరు కాగితం ఊపుతూ ఫీల్డర్లను అటూ ఇటూ జరిపేవాడు. 3731 గెలుపులు, 3948 ఓటములు. రెండిట్లోనూ ఆయన్ను మించినవాడు లేడు. 1914లో లీగ్ గెలిచాక మంచి ఆటగాళ్లను వదులుకున్నాడు. 1915 నుంచి 1921 దాకా ఏడేళ్లు వరసగా జట్టు ఆఖరి స్థానంలో ఉంది. ఇంకెవరైనా అయితే రెండో ఏడే ఇంటికి పోయేవాడు. ఆయన్ను ఎవరూ తీసేయలేదు, ఎందుకంటే జట్టు యాజమాన్యంలో ఆయనకూ వాటా ఉంది. కానీ ఆయనలో నేను గౌరవించేది ఒకటుంది. తప్పుడు నిర్ణయాలు తనవే, వాటి ఫలితంగా వచ్చే ఓటమిని డగౌట్‌లో కూర్చుని రోజూ కళ్లతో చూసిందీ తనే. మధ్యలో ఇంకొకర్ని నిలబెట్టలేదు. పదిహేనేళ్లు పట్టినా మళ్లీ కట్టాడు. 1929లో, 1930లో వరల్డ్ సిరీస్ గెలిచాడు.

మీ స్టేడియం అందమైనది. మూడో బేస్ వైపు ఆకాశంలో కొండల వెనక సూర్యుడు దిగుతుంటే ఆట ఎలా పోతున్నా పట్టించుకోనివాళ్లను చూశాను. 119 ఓడిన ఏడాది కూడా ఇరవై లక్షల మందికి పైగా వచ్చారు. పక్కనే మీ కుటుంబం కట్టిన మెక్‌గ్రెగర్ స్క్వేర్‌లో హోటలు, దుకాణాలు, పెద్ద తెర. అకాలంగా పోయిన మీ క్లబ్ అధ్యక్షుడు కెలీ మెక్‌గ్రెగర్ పేరు దానికి పెట్టారు. పోయినవాళ్లను తలుచుకునే మనసు అది. ఈ ఊరికి మీరిచ్చింది తక్కువేమీ కాదు. అయితే జనం ఇంత ప్రేమగా వస్తుంటే ఓటమి మీ గడప దాకా రాదు. టికెట్ల గది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఆ ఓటమిని ఆట అయిన పది నిమిషాలకు విలేకరుల ముందు కూర్చుని ఎవరో ఒకరు మోయాలి. ఎనిమిదేళ్లకు పైగా ఆ బరువు బ్లాక్ మోశాడు. ఆటగాడి మీద మాట పడనివ్వలేదు, మీ మీదా పడనివ్వలేదు. మీరు ఆయనకు బాకీ.

2025 అయిపోయాక ష్మిట్ వెళ్లిపోయారు. నవంబరులో బయటి నుంచి పాల్ డిపొడెస్టాను తెచ్చి ఆట వ్యవహారాలన్నీ అప్పగించారు. ఎన్నాళ్లకో తెరిచిన కిటికీ అది, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఇన్నేళ్లకు తీసుకున్న ఈ నిర్ణయం ముందే తీసుకుని ఉంటే మే 11న ఎవర్నీ పంపాల్సిన అవసరం వచ్చేది కాదేమో.

ఇకమీదట ఆ డగౌట్‌లో ఎవరున్నా, మళ్లీ ఒక 21-0 రోజు వస్తుంది. ఈ ఆటలో రాకుండా ఉండదు. ఆ రోజు మేనేజర్‌ను పిలిచే ముందు ఆ 26 పేర్లు ఎవరు రాశారో, డబ్బు ఎక్కడ పోసి ఎక్కడ పోగొట్టుకున్నారో చూడమని వేడుకుంటున్నాను. విలేకరుల ముందుకు మీరే ఒక్కసారి వచ్చి కూర్చోండి. ఊదారంగు వరసలో కూర్చునే మేము మీ మాట వింటాం.

1993లో మొదలైన మీ జట్టుకు 2025తో 33 సీజన్లు నిండాయి. ఎనిమిదిమంది మేనేజర్లు వచ్చారు. జట్టు తన డివిజన్‌ను అప్పటివరకు ఒక్కసారీ గెలవలేదు.